స్పిన్‌స్టర్ అంటే నూలు వడికే మనిషి

(మహిళా దినోత్సవం సందర్భంగా మన సంఘం ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, పది నిమిషాల్లో ముగించడం నాకు చేతకాదని ఆయనకూ తెలుసు. మహిళా దినోత్సవం అనగానే రాణీ రుద్రమదేవి గురించో, ఝాన్సీ లక్ష్మీబాయి గురించో చెప్పుకోవడం మనకు ఆనవాయితీ. నేను ఇవాళ ఒక ఇంగ్లీషు మాట గురించి చెబుతాను. అది మన ఆఫీసు ఫారాల్లో ఏళ్ళ తరబడి మనం చూసిన మాటే. పాత ఫారాల్లో పురుషుడికి పెళ్ళి కాకపోతే బ్యాచిలర్ అనీ, స్త్రీకి పెళ్ళి కాకపోతే స్పిన్‌స్టర్ అనీ రాసేవాళ్ళం. ఆ రెండో మాట వినపడగానే మన మనసులో ఏ బొమ్మ కదులుతుందో నేను వేరే చెప్పనక్కరలేదు. వయసు మీరిపోయి, పెళ్ళి కాక, ఇంటికి బరువుగా మిగిలిపోయిన ఆడమనిషి. అదేదో జాలిమాట, కాకపోతే వెక్కిరింత.

అయితే ఆ మాటకు అసలు అర్థం అది కాదు. స్పిన్ అంటే నూలు వడకడం. స్టర్ అనేది ఆ పని చేసే మనిషిని, పూర్వం ముఖ్యంగా స్త్రీని, చెప్పే ప్రత్యయం. వెబ్‌స్టర్ అంటే నేత నేసే మనిషి. బ్రూస్టర్ అంటే బీరు కాచే మనిషి. బ్యాక్‌స్టర్ అంటే రొట్టెలు కాల్చే మనిషి. మన ఆఫీసు బల్లలమీద ఉండే వెబ్‌స్టర్ నిఘంటువు పేరు కూడా అలా వచ్చిన ఇంటిపేరే. స్పిన్‌స్టర్ కూడా వాటిలాగా వృత్తిపేరు. మనకు సాలె, కమ్మరి, కుమ్మరి ఎలాగో ఇంగ్లండులో ఆ మాట అలాగ. పద్నాలుగో శతాబ్దంలో అది నూలు వడికే పనికి మాత్రమే పేరు. పదిహేడో శతాబ్దం వచ్చేసరికి కోర్టు కాగితాల్లో, దస్తావేజుల్లో పెళ్ళికాని స్త్రీ పేరు పక్కన రాసే మాట అయింది. పద్దెనిమిదో శతాబ్దంలో వెక్కిరింతగా మారింది. ఒక వృత్తిపేరు తిట్టుగా ఎలా మారిందో తెలుసుకుంటే, మన ఇళ్ళల్లో ఉన్న కొందరు ఆడపిల్లల సంగతి కూడా మనకు బోధపడుతుందని నా నమ్మకం.

ఆ రోజుల్లో ఇంగ్లండుకు ప్రాణం ఉన్ని. మనకు వరి ఎలాగో వారికి గొర్రె అలాగ. నార్ఫోక్ జిల్లాలో వర్‌స్టెడ్ అనే ఊరి పేరుమీద ఒక రకం ఉన్నిబట్టకు పేరు వచ్చిందంటే చూడండి. మన సూట్లకు వాడే వర్‌స్టెడ్ గుడ్డ అదే. వారి ప్రభువుల సభలో అధ్యక్షస్థానంలో కూర్చునేవారికి ఉన్ని దట్టించిన ఆసనం వేసే సంప్రదాయం పద్నాలుగో శతాబ్దం నుంచి ఉంది. ఆ ఆసనాన్ని ఉన్నిమూట అనే పిలుస్తారు. 1938లో దాన్ని విప్పి చూస్తే లోపల గుర్రపు వెంట్రుకలు ఉన్నాయట! తరువాత మళ్ళీ ఉన్నితోనే నింపారు. ప్రభుత్వ సరఫరాలు ఎక్కడైనా ఒకలాగే ఉంటాయన్నమాట. ఇంకో విశేషం. శవాలను ఉన్నిబట్టలోనే పాతిపెట్టాలని 1666లోను, మళ్ళీ 1678లోను వారు చట్టాలు చేశారు. తప్పితే అయిదు పౌన్ల జరిమానా. ఆ చట్టాలు 1814 దాకా పుస్తకాల్లో ఉన్నాయి. బతికున్నవాళ్ళు కొనేది చాలక చచ్చిపోయినవారిచేత కూడా కొనిపించారు, అంతటి వ్యాపారం.

ఇంత ఉన్నినీ నూలుగా మార్చింది ఎవరు? ఇళ్ళల్లో ఆడవాళ్ళు. ఒక మగ్గం ఆగకుండా నడవాలంటే నలుగురైదుగురు, కొన్ని రకాలకు ఇంకా ఎక్కువమంది, నూలు వడకాలి. అంటే నేతగాడు ఒక్కడైతే అతని వెనక అంతమంది స్త్రీలన్నమాట. గొర్రె బొచ్చును కడిగి, ఆరబెట్టి, ఇనుప పళ్ళున్న రెండు పలకల మధ్య ఏకి, మెత్తటి ఏకులు చేసేవారు. పెద్ద రాట్నం దగ్గర కూర్చునేందుకు పీట ఉండేది కాదు. నిలబడి ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చేత్తో ఏకును లాగుతూ వెనక్కు నడవాలి. సాగిన పోగును కదురుకు చుట్టడానికి మళ్ళీ ముందుకు రావాలి. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా ఇదే నడక. ఇంట్లో నడిచిన ఆ దూరం పొడుగునా కొలిస్తే రోజుకు కొన్ని మైళ్ళయ్యేది.

వర్తకుడి మనిషి ఉన్ని తూచి ఇచ్చి వెళ్ళేవాడు, నూలు తూచుకుని తీసుకుని డబ్బిచ్చేవాడు. కూలి బరువు మీద లెక్క. పొలంలో పనిచేసే మగవాడికి వచ్చేదానిలో సగం కూడా చాలాసార్లు వచ్చేది కాదు. పైగా చిలపల్లో పోగులు తక్కువ చుట్టారేమోనని నిఘా. 1777లో యార్క్‌షైర్, లాంకషైర్, చెషైర్ జిల్లాలకు ఒక చట్టం చేసి ఇన్‌స్పెక్టర్లను వేశారు. చిలప పొడవు తక్కువైతే వడికినావిడను మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేవారు. తూకంలో మోసం చేసే వర్తకుణ్ణి పట్టుకోవడానికి అంత పట్టుదల కనబడలేదు. తనిఖీ ఎప్పుడూ కిందివాడి మీదే జరుగుతుందన్న సంగతి మనకు కొత్త కాదు.

పెళ్ళయినవాళ్ళు కూడా వడికేవారు. మరి ఆ పేరు పెళ్ళికానివారికే ఎందుకు అతుక్కుంది? దీనికి కారణాలున్నాయి. ఆ దేశంలో ఆడపిల్లలకు పాతికేళ్ళు దాటాకగాని పెళ్ళిళ్ళయ్యేవి కావు. సంసారం పెట్టుకోవడానికి సరిపడా సొమ్ము కూడితేగాని పెళ్ళి లేదు. పదిమందిలో ఒకరికో ఇద్దరికో అసలు పెళ్ళే అయ్యేది కాదు. పెళ్ళయిన ఆడది ఇల్లూ పిల్లలూ పాడీ చూసుకుని, మిగిలిన వేళల్లో రాట్నం ముందు నిలబడేది. పెళ్ళికానిది రోజంతా వడికేది. నేత సంఘాల్లోకి ఆడవారిని సాధారణంగా రానిచ్చేవారు కాదు. రాట్నానికి ఏ సంఘం అనుమతీ అక్కరలేదు, పెద్ద పెట్టుబడీ అక్కరలేదు. చట్టం మాట చూస్తే, పెళ్ళయిన స్త్రీ సంపాదన భర్తది. 1870లో వచ్చిన చట్టందాకా తన కూలి తనదని భార్య చెప్పుకోవడానికి వీల్లేదు. పెళ్ళికాని స్త్రీ మాత్రం తన పేరుమీద ఆస్తి ఉంచుకోవచ్చు, వ్యాపారం చేయవచ్చు, దావా వేయవచ్చు. ఆమె సంపాదన ఆమె చేతికే వచ్చేది.

ఆ చేతిలోంచి ఎక్కడికి పోయేదో మీకు తెలుసు. తండ్రి పోయిన ఇంట్లో తల్లికి, చిన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు. రాట్నం దగ్గర పెద్దకూతురు నిలబడితే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. అయినా ఊరి పెద్దలకు ఆమె అంటే గిట్టేది కాదు. ఏ మగవాడి కిందా లేకుండా తన చేతిమీద తాను బతుకుతోందే అని కంటగింపు. 1563లో ఎలిజబెత్ రాణి కాలపు చట్టం ప్రకారం, పన్నెండు మొదలు నలభై ఏళ్ళలోపు వయసున్న పెళ్ళికాని స్త్రీ ఖాళీగా ఉందని తోస్తే, అధికారులు ఆమెను ఎవరింట్లోనైనా పనికి పెట్టవచ్చు. కాదంటే ఖైదు. రాట్నం మీద ఇల్లు నడిపే కూతురి నెత్తిమీద ఈ కత్తి ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది.

తరువాత యంత్రాలు వచ్చాయి. 1733లో జాన్ కే కనిపెట్టిన నాడెతో నేత వేగం పెరిగి నూలు కరువైంది. ఆ కరువు తీర్చడానికి 1760ల్లో హార్‌గ్రీవ్స్ అనేక కదుళ్ళు ఒకేసారి తిప్పే యంత్రం చేశాడు. 1769లో ఆర్క్‌రైట్ నీటితో తిరిగే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1779లో క్రాంప్టన్ వచ్చాడు. మొదట దూది, తరువాత ఉన్ని. మనవాళ్ళు ఏకులా వచ్చి మేకులా తగులుకుందంటారే, అక్షరాలా అలాగే జరిగింది. పందొమ్మిదో శతాబ్దం తొలి దశాబ్దాలకల్లా ఉన్నినూలు పని ఇళ్ళు విడిచి మిల్లుల్లోకి పోయింది. చిన్నపిల్లలు మిల్లులకు వెళ్ళారు. వయసు మళ్ళిన వడుకుగత్తెలు ఊరి పేదల నిధి ముందు చేయి చాచారు.

కూలి పోయింది, పేరు మాత్రం మిగిలింది. సంపాదన ఉన్నంతకాలం స్పిన్‌స్టర్ అంటే ఒక పనిమంతురాలు. సంపాదన పోయాక అదే మాటకు ఏమీలేని మనిషి అని అర్థం వచ్చింది. 1851 జనాభా లెక్కల్లో మగవారికంటే ఆడవారు ఎక్కువని తేలేసరికి పత్రికల్లో గగ్గోలు మొదలయింది. 1862లో డబ్ల్యు.ఆర్. గ్రెగ్ అనే ఆయన ఈ మిగులు స్త్రీల సమస్య మీద పెద్ద వ్యాసం రాసి, వీరిని ఓడలెక్కించి వలసదేశాలకు పంపడమే మందు అన్నాడు. వారి అమ్మమ్మలు వడికిన నూలు మీద ఆ దేశం బాగుపడిన సంగతి అంత త్వరగా మరుగునపడింది.

ఆ మిల్లు నూలు అక్కడితో ఆగలేదు, ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. 1828లో సమాచార్ దర్పణ్ అనే బెంగాలీ పత్రికలో శాంతిపురానికి చెందిన ఒక వడుకుగత్తె పేరుతో ఉత్తరం అచ్చయింది. ఇరవై రెండేళ్ళకే వైధవ్యం, ముగ్గురు కూతుళ్ళు. రాట్నం తిప్పి అత్తమామలను పోషించాననీ, కూతుళ్ళ పెళ్ళిళ్ళు కులమర్యాద తప్పకుండా చేశాననీ, సాలెవాళ్ళు తన గుమ్మం దగ్గరకు వచ్చి నూలు కొనుక్కునేవారనీ ఆమె చెప్పుకుంది. విలాయతీ నూలు వచ్చాక తన నూలు అడిగే నాథుడు లేకపోయాడని గోడు వెళ్ళబోసుకుంది. ఆ ఉత్తరాన్ని వందేళ్ళ తరువాత గాంధీగారు తన యంగ్ ఇండియాలో మళ్ళీ వేశారు. లాంకషైర్ మిల్లు ఇంగ్లండులో పెళ్ళికానివారి కూడు తీసింది, బెంగాల్లో వితంతువుల కూడు తీసింది. దేశాలు వేరయినా దెబ్బ ఒకటే.

మన తెలుగు నేలమీద ఈ పని పూర్తిగా పోలేదు. తెలంగాణలో కురుమవారి ఇళ్ళల్లో దక్కనీ గొర్రెల నల్లబొచ్చును ఆడవాళ్ళు వడికితే, మగవాళ్ళు గొంగడి నేస్తారు. గొంగడి కప్పుకున్న కాపరి మనకు కనబడతాడు, దాని పోగు తీసిన ఆడమనిషి కనబడదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో దూది శుభ్రం చేసి సన్నని నూలు వడికేదీ స్త్రీలే. పొందూరు ఖద్దరు కట్టుకున్న నాయకుల ఫొటోలు చాలా చూశాం. వడికినవారి ఫొటోలు చూసింది తక్కువ.

సభికులారా, ఇదంతా చరిత్ర అని మీరు అనుకోవచ్చు. ఇక నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఆఫీసు పేరూ చెప్పను.

మా సెక్షన్‌లో ఒక టైపిస్టు ఉండేవారు. అందరికంటే పెద్ద కాబట్టి మేమంతా అక్కగారూ అనేవాళ్ళం. తండ్రి ఒక వర్తకుడి దగ్గర పద్దులు రాసేవాడు. ఆయన పోయేనాటికి ఈమెకు పందొమ్మిదేళ్ళు. తల్లి, ఇద్దరు తమ్ముళ్ళు, ఒక చెల్లెలు. టైపు పరీక్ష పాసై ఉద్యోగంలో చేరారు. సాయంత్రం ఇంటికి పోయి దస్తావేజులు, థీసిస్‌లు పేజీ ఇంత అని కూలికి టైపు చేసేవారు. వేళ్ళకు ఎప్పుడూ కార్బన్ మరక ఉండేది. పెద్ద తమ్ముడి చదువు అయ్యాక చూద్దాం అన్నారు, చెల్లెలి పెళ్ళి అయ్యాక చూద్దాం అన్నారు. ఆ చూద్దాం అన్నది చూస్తుండగానే ఆమెకు నలభై దాటాయి. తమ్ముళ్ళు చదువుకుని వాళ్ళ దారిన వాళ్ళు దూరప్రాంతాలకు పోయారు. తల్లి మాత్రం ఈమె దగ్గరే.

1983లో ఆమె జబ్బుచేసి సర్వీసులో ఉండగానే పోయారు. ఆ ఫైలు నా టేబులు మీదకే వచ్చింది. గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు తల్లికి ఇప్పించడానికి నిబంధనలు ఒప్పుకున్నాయి. కుటుంబ పింఛను దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయింది. 1964 నాటి కుటుంబ పింఛను పథకంలో కుటుంబం అంటే భర్త లేక భార్య, చిన్నపిల్లలు. తల్లిదండ్రులకు అందులో చోటు లేదు. భర్త గడిలో లేరు అని, పిల్లల గడిలో లేరు అని వచ్చింది. కుటుంబం, లేదు. ఇరవై రెండేళ్ళు ఒక కుటుంబాన్ని వీపుమీద మోసిన మనిషికి కాగితం మీద కుటుంబం లేదని తేలింది! ఆ ముసలావిడ నా టేబులు ముందు కూర్చుని, "నాయనా, మరి నేనెవర్ని?" అని అడిగింది. నిబంధనల పుస్తకంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు.

ఆ జవాబు రావడానికి మరో పదిహేనేళ్ళు పట్టింది. 1998 నుంచి, భార్య లేక భర్త, పిల్లలు లేకుండా చనిపోయిన కేంద్రప్రభుత్వ ఉద్యోగి మీద పూర్తిగా ఆధారపడిన తల్లిదండ్రులకు కుటుంబ పింఛను ఇచ్చే ఏర్పాటు వచ్చింది. 2007 సెప్టెంబరులో ఇంకో మేలు జరిగింది. అంతకుముందు పెళ్ళికాని కూతురికి పాతికేళ్ళు నిండితే పింఛను ఆగిపోయేది. ఆ ఉత్తర్వులతో పాతికేళ్ళు దాటిన పెళ్ళికాని కూతురు కూడా, తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉన్నదై, ఆదాయం పరిమితికి లోబడి ఉంటే, పెళ్ళయ్యేదాకా లేదా స్వంత సంపాదన వచ్చేదాకా పింఛనుకు అర్హురాలయింది. వితంతువులు, విడాకులు పొందిన కూతుళ్ళకు 2004లోనే ఈ సౌకర్యం వచ్చింది. మన సంఘాల విజ్ఞాపనల ఫలం ఇందులో కొంత ఉందని చెప్పుకోవడానికి నేను మొహమాటపడను.

ఇంగ్లండువారు కూడా 2005 డిసెంబరు నుంచి పెళ్ళి రిజిస్టర్లలో స్పిన్‌స్టర్ అన్న మాట తీసేశారు. బ్యాచిలర్ కూడా పోయింది. ఇద్దరికీ సింగిల్ అన్న ఒకే మాట. కాగితం మీద మాట మారింది, సంతోషం. మనుషుల మనసులో మారడానికి మాత్రం గజెట్ నోటిఫికేషన్ పనికిరాదు.

మన సభ్యుల ఇళ్ళల్లో ఎంతమంది ఇలాంటి కూతుళ్ళున్నారో మీరే ఒక్కసారి తలచుకోండి. అమ్మకు పక్షవాతం వచ్చిందని ఉద్యోగం మానుకున్న పిల్ల, నాన్న ఆపరేషనుకు తన గాజులు అమ్మిన పిల్ల, తమ్ముడి ఫీజులు కట్టిన పిల్ల. అన్నదమ్ములు సంక్రాంతికి వచ్చి వెళతారు. మన మాత్రలు ఏ పూట ఏవో తెలిసింది ఆ కూతురికే. చుట్టాలు వచ్చినప్పుడు మనమేం చేస్తాం? "దానికింకా కాలేదండీ" అని గొంతు తగ్గిస్తాం. ఉన్నదంతా ఆమె చేతిమీద నడుస్తుంటే, లేనిదాన్ని పట్టుకుని ఆమెను పరిచయం చేస్తాం. ఇంగ్లండువాడు రెండు వందల ఏళ్ళ కిందట చేసిన పని ఇదే కదా!

అందుచేత నా మనవి. కుటుంబ సభ్యుల వివరాల పత్రంలో పెళ్ళికాని కూతురి పేరు, పుట్టినతేదీ రాయించారో లేదో ఇంటికి వెళ్ళగానే చూడండి. లేకపోతే మీరు పనిచేసిన ఆఫీసుకు ఇప్పుడైనా రాసి చేర్పించండి. నాకు తెలిసినంతలో చాలామంది ఆ పేరు రాయించకపోవడానికి కారణం బద్ధకం కాదు, నామోషీ. "ఇంకా కాలేదని వాళ్ళకెందుకు తెలియాలి" అనుకుంటారు. మన నామోషీకి రేపు ఆ పిల్ల ఆఫీసుల చుట్టూ తిరిగి మూల్యం చెల్లించాలి. ఆమె వయసు, ఆధారం, ఆదాయం రుజువు చేసే కాగితాలు ఒక ఫైలులో పెట్టి, ఆ ఫైలు ఎక్కడుందో ఆమెకే చెప్పండి. రాష్ట్రప్రభుత్వ పింఛనుదారులైన మిత్రులకు నిబంధనలు వేరుగా ఉంటాయి, వారు తమ ట్రెజరీలో అడిగి తెలుసుకోవాలి. పింఛనుతో పాటు ఇంటి సంగతి కూడా చూడండి. ఆమె ఇన్నేళ్ళు ఉన్న ఇంట్లో మన తరువాత కూడా ఉండే హక్కు ఆమెకు ఉండేలా వీలునామా రాయండి. అన్నదమ్ములు మంచివాళ్ళే కావచ్చు. మంచివాళ్ళ దగ్గర కూడా కాగితం ఉంటే మంచిదని గుమాస్తాగా నా అనుభవం.

సోదరీమణులారా, మీలో ఎవరైనా అలాంటి అక్కగారు ఉంటే మీకు ఒక్క మాట. మిమ్మల్ని ఎవరైనా ఆ పాత మాటతో పిలిస్తే చిన్నబుచ్చుకోకండి. అది ఒకప్పుడు కష్టించి ఇల్లు నిలిపిన మనిషి పేరు అని వారికి చెప్పండి.